కారు ఇంజిన్ వేడెక్కితే నీళ్లు పోస్తే చాలా? కూలింగ్ వ్యవస్థలో ఇంట్లో ఏం చూసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి?

ఎండాకాలంలో తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లలో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన కారు, లోపలి నుంచి ఆవిరి, చేతిలో నీళ్ల సీసాతో డ్రైవర్. కాసేపు ఆగి, నీళ్లు పోసి, మళ్లీ బయల్దేరతారు. ఇంటికి చేరాక ఆ సంగతి మరచిపోతారు. కొన్ని రోజులకు నీళ్లు మళ్లీ తగ్గుతాయి, మళ్లీ పోస్తారు.

అసలు సమస్య ఈ అలవాటులోనే ఉంది. ఇప్పటి కార్లలో కూలింగ్ వ్యవస్థ అన్ని వైపులా మూసి ఉంటుంది. అందులోని ద్రవం పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏళ్లు గడిచినా దాని మట్టం పెద్దగా తగ్గకూడదు. తరచూ తగ్గుతోందంటే ఎక్కడో బయటకు కారుతోంది, లేదా ఇంజిన్ లోపలికి చేరి ఆవిరైపోతోంది. నీళ్లు పోయడం ఆ పూటకు గట్టెక్కిస్తుంది. అది మరమ్మతు మాత్రం కాదు.

కొన్ని వందల రూపాయల క్యాప్‌నో, పైపునో నిర్లక్ష్యం చేస్తే చివరికి సిలిండర్ హెడ్ వంకరపోయి, పదుల వేల రూపాయల బిల్లు చేతికి రావచ్చు. ఈ వ్యవస్థలో ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనులు చాలానే ఉన్నాయి. అసలు ముట్టుకోకూడనివీ కొన్ని ఉన్నాయి.

ఇంజిన్‌ను చల్లబరిచేది ఎలా?

ఇంజిన్‌లో మండే ఇంధనం శక్తిలో కొంత భాగమే చక్రాలను తిప్పుతుంది. స్థూలంగా మూడో వంతు పొగగొట్టం గుండా వేడిగా బయటకు పోతుంది. దాదాపు అంతే వేడిని కూలింగ్ వ్యవస్థ మోసుకెళ్లాలి.

ఈ పని చేసేవి ప్రధానంగా అయిదు భాగాలు. వాటర్ పంపు ద్రవాన్ని ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది. మెకానిక్ షెడ్డుల్లో దీన్నే 'వాటర్ బాడీ' అంటారు. థర్మోస్టాట్ అనే చిన్న వాల్వు, ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా ద్రవాన్ని రేడియేటర్‌కు వెళ్లనివ్వదు. చాలా కార్లలో ఇది 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. రేడియేటర్‌లోని సన్నని గొట్టాలు, రేకులు వేడిని గాలికి వదులుతాయి. కారు నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ గాలిని ఫ్యాన్ లాగుతుంది. వేడికి వ్యాకోచించిన ద్రవం వెళ్లి దాచుకునే చోటు పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు.

వీటన్నింటినీ కలిపి ఉంచేది ఒత్తిడి. ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడకడానికి కారణమేమిటో, రేడియేటర్‌లో నీరు 100 డిగ్రీల దగ్గర మరగకపోవడానికీ కారణం అదే. చాలా జపనీస్, కొరియన్ మూలాలున్న కార్ల రేడియేటర్ క్యాప్ మీద 0.9 లేదా 1.1 అనే అంకె ఉంటుంది. క్యాప్ ఎంత ఒత్తిడి వరకు ఆపుతుందో అది చెబుతుంది. 0.9 దగ్గర మామూలు నీరు కూడా సుమారు 119 డిగ్రీల దాకా మరగదు. సగం కూలెంట్, సగం నీరు కలిపితే ఆ హద్దు 130కి దగ్గరగా వెళ్తుంది.

కాబట్టి క్యాప్ రబ్బరు వాషర్ పాడైతే ఏమీ కారకుండానే ఇంజిన్ వేడెక్కగలదు. ఒత్తిడి నిలవక ద్రవం ముందే మరుగుతుంది. రేడియేటర్ మార్చే ముందు క్యాప్ మార్చి చూడటం చవకైన మొదటి అడుగు. కొత్తది తీసుకునేటప్పుడు పాతదాని మీదున్న అంకే ఉండాలి. ఎక్కువ అంకె ఉన్నది బిగిస్తే పాత పైపులు, ప్లాస్టిక్ ట్యాంకు పగలొచ్చు.

వేడిగా ఉన్నప్పుడు క్యాప్ తెరిస్తే?

కుక్కర్ మూతను ఆవిరి పోకముందే తీస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది, ఇంకా పెద్ద ఎత్తున. లోపల 110 డిగ్రీలకు పైగా ఉన్న ద్రవం మీద ఒత్తిడి ఒక్కసారిగా పోతే, అందులో కొంత భాగం క్షణంలో ఆవిరిగా మారుతుంది. మిగిలినదాన్ని ముఖం మీదికి, చేతుల మీదికి చిమ్ముతుంది.

ఇంజిన్ ఆపి కనీసం అరగంట, ఎండలో అయితే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. పైన ఉండే లావుపాటి రబ్బరు పైపును గుడ్డతో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. మెత్తగా, చేత్తో పట్టుకోగలిగేలా ఉన్నప్పుడే మందపాటి గుడ్డ కప్పి, ముఖం దూరంగా పెట్టి, క్యాప్‌ను మొదటి మెట్టు దాకా మాత్రమే తిప్పాలి. బుస్సుమనే శబ్దం ఆగాకే పూర్తిగా తీయాలి.

అన్ని కార్లలో క్యాప్ ఒకే చోట ఉండదు. కొన్నింటిలో ఒత్తిడి క్యాప్ రేడియేటర్ మీదే ఉంటుంది, పక్క ట్యాంకులో ఒత్తిడి ఉండదు. మరికొన్నింటిలో, ముఖ్యంగా యూరోపియన్ తరహా కార్లలో, రేడియేటర్‌కు క్యాప్ ఉండదు. పక్క ట్యాంకు మూతే ఒత్తిడి క్యాప్. 'ఇది ఉత్త డబ్బాయే కదా' అని దాన్ని వేడి మీద తెరవడం ప్రమాదం.

ఒకవేళ కాలితే, ఆ చోటును 20 నిమిషాల పాటు పారే చల్లటి నీటి కింద ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, ఐసు వద్దు. ముఖం, కళ్లకు తగిలినా, కాలిన భాగం అరచేతి కంటే పెద్దదైనా ఆస్పత్రికి వెళ్లాలి.

నీళ్లా, కూలెంటా?

వేడిని మోసుకెళ్లడంలో నిజానికి నీటిదే పైచేయి. కూలెంట్‌లో ప్రధానంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ ఆ పనిలో నీటి కంటే కాస్త వెనకే. అయినా కూలెంట్ ఎందుకంటే, అది మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, గడ్డకట్టకుండా చూస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అందులో కలిపే రసాయనాలు అల్యూమినియం, ఇనుము తుప్పు పట్టకుండా కాపాడతాయి.

తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున, గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి గార వాటిదే. అదే గార రేడియేటర్‌లోని సన్నని గొట్టాల్లోనూ, ఇంజిన్ లోపలి దారుల్లోనూ పేరుకుంటుంది. పల్చటి పొర కూడా వేడి బయటకు పోకుండా అడ్డుకుంటుంది. నీటిలోని క్లోరైడులు అల్యూమినియాన్ని తినేస్తాయి. ఏళ్ల తరబడి ఉత్త నీళ్లతో నడిచిన కారులో క్యాప్ తీస్తే ఎర్రటి బురద కనిపించడానికి కారణం లోపలి తుప్పు.

అందుకే కలపడానికి డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీరే వాడాలి. బంకుల్లో, బ్యాటరీ దుకాణాల్లో 'బ్యాటరీ వాటర్' పేరుతో దొరికేది ఇదే. బ్యాటరీ యాసిడ్ వేరు, దాన్ని పొరపాటున తీసుకోవద్దు.

అలాగని నీళ్లు కలపకుండా ఉత్త కూలెంట్ పోయడమూ తప్పే. చిక్కటి గ్లైకాల్ వేడిని తక్కువగా మోస్తుంది. గడ్డకట్టకుండా కాపాడటంలోనూ బలహీనమే. సగం సగం మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా తట్టుకుంటే, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. హైదరాబాద్‌లో ఉండేవారికి ఇది అనవసరమనిపించవచ్చు. ఉత్త నీళ్లతో శీతాకాలంలో లద్దాఖ్‌కో, కశ్మీర్‌కో కారు తీసుకెళ్తే రాత్రికి రాత్రే రేడియేటరో, ఇంజిన్ బ్లాకో పగిలే ప్రమాదం ఉంది. నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది మరి.

మార్కెట్లో కూలెంట్ రెండు రకాలుగా దొరుకుతుంది. నేరుగా పోసేది ఒకటి, నీళ్లు కలపాల్సిన గాఢ ద్రవం మరొకటి. డబ్బా మీద ఏది రాసి ఉందో చూడాలి. రంగును నమ్మి కొనకూడదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ అన్నవి కంపెనీలు కలిపే రంగులే తప్ప ప్రమాణాలు కావు. ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన ప్రమాణం డబ్బా మీద ఉందా అన్నదే ముఖ్యం. భారత ప్రమాణం ఐఎస్ 5759, జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234. పొసగని రెండు రకాలు కలిస్తే తుప్పు నిరోధక రసాయనాల ఆయుష్షు తగ్గుతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డలు కడతాయి.

నెలకోసారి, పది నిమిషాలు

ఇవన్నీ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఉదయాన్నే చేయాల్సిన పనులు.

- మట్టం: ట్యాంకు మీద కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండాలి. గీత దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టి తేదీ రాసుకుంటే తగ్గుతోందో లేదో కచ్చితంగా తెలుస్తుంది.
- రేడియేటర్ లోపల: దాని మీదే క్యాప్ ఉన్న కార్లలో అప్పుడప్పుడు అదీ తెరిచి చూడాలి. పక్క ట్యాంకు నిండుగా ఉండి రేడియేటర్ వెలితిగా ఉంటే, చల్లారేటప్పుడు ద్రవాన్ని వెనక్కి తీసుకునే చిన్న వాల్వు పనిచేయడం లేదని, లేదా ట్యాంకుకు వెళ్లే సన్న పైపు చిట్లిందని అర్థం.
- రంగు: శుభ్రంగా, పారదర్శకంగా ఉండాలి. తుప్పు రంగు, బురద, నూనె తెట్టు ఉండకూడదు.
- పైపులు: నొక్కి చూడాలి. ఉబ్బడం, పగుళ్లు, మరీ మెత్తబడటం, క్లిప్పుల దగ్గర ఎండిపోయిన రంగు మరకలు ప్రమాద సూచనలు.
- కింద నేల: ఏసీ నుంచి కారేది రంగు లేని ఉత్త నీరు. రంగుగా, జిడ్డుగా, తీపి వాసనతో ఉంటే కూలెంట్.
- రేడియేటర్ ముందు భాగం: దుమ్ము, పురుగులు, వరి పొట్టు, ప్లాస్టిక్ కవర్లు గాలికి అడ్డుపడతాయి. మామూలు పైపు నీటితో మెల్లగా కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే పల్చటి రేకులు వంగిపోతాయి.

ఒక జాగ్రత్త మరవొద్దు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపిన తర్వాత కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది. చున్నీ, చీర కొంగు, మెడలో తువ్వాలు దాని దగ్గరకు పోకుండా చూసుకోవాలి.

ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం రోగం తెలిసినట్టే

ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే తగ్గిపోతుంటే అనుమానం ఫ్యాన్ మీద. వేగంలో గాలి దానంతటదే వస్తుంది, ఆగినప్పుడే ఫ్యాన్ అవసరం. ఏసీ వేసి చూడాలి. చాలా కార్లలో ఏసీతో పాటు ఫ్యాన్ కూడా తిరుగుతుంది. అప్పుడు తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు బాగానే ఉంది, సెన్సరో రిలేనో చూడాలి. రెండు సందర్భాల్లోనూ తిరగకపోతే ముందుగా ఫ్యూజు చూడాలి. ఫ్యూజు పెట్టెలో అదే నంబరున్న మరో రిలే ఉంటే, దాంతో మార్చి పరీక్షించవచ్చు.

దీనికి భిన్నంగా, ఊళ్లో బాగానే ఉండి హైవే మీదో, ఘాట్ ఎక్కేటప్పుడో వేడెక్కితే రేడియేటర్ లోపల పూడిక, ద్రవం తక్కువ కావడం, పంపు బలహీనపడటం వంటివి కారణాలు కావచ్చు.

బయల్దేరిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోతూ, కింది పైపు మాత్రం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. ఎంత దూరం వెళ్లినా ఇంజిన్ వేడెక్కకపోతే అది తెరుచుకుని ఉండిపోయింది.

చాలా చిన్న కార్లలో ఇప్పుడు ముల్లు ఉండదు, దీపం మాత్రమే ఉంటుంది. నీలం రంగు ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని చెబుతుంది, ఎరుపు ప్రమాదం. ఎరుపు వెలిగే సరికే ఆలస్యమైనట్టు లెక్క. ద్రవం మొత్తం కారిపోతే సెన్సర్‌కు తగిలేందుకు ఏమీ ఉండదు కాబట్టి ముల్లు తప్పుగా తక్కువ చూపించే అవకాశమూ ఉంది.

'మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు?'

వేడెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే, థర్మోస్టాట్ తీసి పక్కన పడేసే మెకానిక్‌లు మన దేశంలో తక్కువేం కాదు. 'చల్లటి దేశాలకు పెట్టింది, మనకు అక్కర్లేదు' అన్నది వారి వాదన.

ఇది సరైనది కాదు. థర్మోస్టాట్ పని చల్లబరచడం కాదు, ఇంజిన్‌ను దానికి నప్పే ఉష్ణోగ్రతలో ఉంచడం. అది లేకపోతే ఇంజిన్ చల్లగానే ఉండిపోయి కంప్యూటర్ ఎక్కువ ఇంధనం పంపుతుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరవదు, అరుగుదల పెరుగుతుంది. అసలు లోపం, అంటే పూడుకుపోయిన రేడియేటరో, అరిగిన పంపో, అలాగే ఉండిపోతుంది. పాడైన థర్మోస్టాట్‌కు మందు కొత్త థర్మోస్టాటే. తీసిన పాతదాన్ని గిన్నెలో నీళ్లలో వేసి కాస్తే, అది తెరుచుకుంటోందో లేదో కంటితోనే చూడొచ్చు. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు.

కూలెంట్ మార్చడం ఎలా?

గడువు కారును బట్టి, కూలెంట్ రకాన్ని బట్టి మారుతుంది. పాత తరహా ఆకుపచ్చ రకాలకు సాధారణంగా రెండేళ్లు, దీర్ఘకాలిక రకాలకు అయిదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ. మాన్యువల్‌లో చెప్పిందే ప్రామాణికం. చాలా చిన్న, మధ్యతరహా కార్లలో మొత్తం 4 నుంచి 7 లీటర్లు పడుతుంది.

1. చల్లటి ఇంజిన్, సమతలం, హ్యాండ్‌బ్రేక్. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు.

2. రేడియేటర్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ కింద వెడల్పాటి టబ్బు పెట్టి, ప్లగ్ వదులు చేసి, ఆ తర్వాత క్యాప్ తీయాలి. ప్లాస్టిక్ ప్లగ్ మీద బలం ప్రయోగిస్తే విరుగుతుంది. ప్లగ్ లేని కార్లలో కింది పైపు విప్పాలి.

3. బయటకు వచ్చినదాన్ని కొలవాలి. ఇంజిన్ బ్లాకులో, హీటర్‌లో కొంత మిగిలే ఉంటుంది.

4. మురికిగా ఉంటే డీమినరలైజ్డ్ నీటితో నింపి, ఇంజిన్‌ను ఫ్యాన్ తిరిగేదాకా నడిపి, చల్లారాక మళ్లీ వదిలేయాలి. నీరు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి.

5. ఇక్కడే చాలామంది పొరబడతారు. కడిగాక లోపల మిగిలింది ఉత్త నీరు. దాని మీద నేరుగా పోసే కూలెంట్ నింపితే మిశ్రమం పలచనవుతుంది. మొత్తం సామర్థ్యం 5 లీటర్లు అనుకుంటే, ముందుగా గాఢ కూలెంట్ 2.5 లీటర్లు పోసి, ఆ తర్వాత డీమినరలైజ్డ్ నీటితో నింపితే నిష్పత్తి సరిగ్గా వస్తుంది.

6. సన్నగా, నెమ్మదిగా పోయాలి. గాలి బయటకు పోయే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు లేకుండా ద్రవం రాగానే బిగించాలి. హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి ఇంజిన్ నడపాలి. మట్టం పడిపోతుంటే కొద్దికొద్దిగా కలపాలి. పొంగడం మొదలైతే క్యాప్ బిగించేయాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచి, ఆపి, పూర్తిగా చల్లారాక మట్టం మళ్లీ చూడాలి. లోపల గాలి బుడగ మిగిలితే కొత్త కూలెంట్‌తో కూడా ఇంజిన్ వేడెక్కుతుంది.

కారే చోట పసుపు వేస్తే?

రేడియేటర్‌లో పసుపు పొడి వేయడం లారీ డ్రైవర్లలో ఎప్పటి నుంచో ఉన్న చిట్కా. దుకాణాల్లో దొరికే లీకు ఆపే మందులదీ దాదాపు అదే సూత్రం. రేణువులు రంధ్రంలో ఇరుక్కుంటాయి. అయితే అవి రంధ్రాన్నే వెతుక్కుంటూ వెళ్లవు. రేడియేటర్, హీటర్‌లలోని సన్న దారుల్లోనూ పేరుకుంటాయి. అడవి దారిలో చిక్కుకుంటే సరే, ఊళ్లో ఉన్నప్పుడు కాదు.

పాత కార్ల ఇత్తడి, రాగి రేడియేటర్లను విప్పి, శుభ్రం చేసి, సోల్డర్ పెట్టే పనివాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చేయి తిరిగినవారు. ఇప్పటి రేడియేటర్లకు మధ్యలో అల్యూమినియం, రెండు వైపులా ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి. ప్లాస్టిక్ పగిలితే అతుకులు ఎక్కువ రోజులు నిలవవు, మార్చడమే మేలు.

రబ్బరు పైపు, క్లిప్పు మార్చడం మాత్రం ఇంట్లో చేసుకోదగ్గ పనే. పాత పైపు రాకపోతే లాగకుండా కోసి తీయాలి, లేకపోతే రేడియేటర్ మూతి విరుగుతుంది. ఒకటి చిట్లిందంటే అదే వయసున్న మిగతావీ దగ్గరపడ్డట్టే.

ఎక్కడ ఆగాలి?

ట్యాంకులో ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారడం, ఇంజిన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్ల పొగ రావడం, ఎక్కడా కారకుండానే మట్టం తగ్గడం హెడ్ గ్యాస్కెట్ పోయిందనడానికి గుర్తులు. ఆ పరిస్థితిలో కారు నడపకూడదు. వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి కారుతుంటే లోపలి సీలు పోయినట్టు. కొన్ని ఇంజిన్లలో ఈ పంపును టైమింగ్ బెల్టు తిప్పుతుంది. అది విప్పడం ఇంటి పని కాదు.

బీమా ఆదుకుంటుందన్న భరోసా కూడా లేదు. సాధారణ మోటారు పాలసీల్లో యాంత్రిక లోపాలు, అరుగుదల, పర్యవసాన నష్టం మినహాయింపుల కింద ఉంటాయి. ఎర్ర దీపం చూసి కూడా నడిపితే ఆ ఖర్చు యజమానిదే.

దారిలో వేడెక్కితే

వెంటనే ఏసీ ఆపాలి. హీటర్ పూర్తిగా వేసి, కిటికీలు దించాలి. ఉక్కపోసినా అది ఇంజిన్ నుంచి కొంత వేడిని లాగేస్తుంది. సురక్షితమైన చోట ఆపి ఇంజిన్ కట్టేయాలి. కాలుతున్న ఇంజిన్ మీద నీళ్లు చల్లకూడదు, చల్లటి నీళ్లు లోపల పోయకూడదు. లోహం పగలొచ్చు. పూర్తిగా చల్లారాక, మంచి నీళ్ల సీసా తప్ప ఇంకేమీ లేకపోతే అదే పోసి దగ్గర్లోని షెడ్డుకు చేరవచ్చు. మళ్లీ వెంటనే ముల్లు లేస్తే టోయింగ్ పిలవడమే దారి. పోసింది నీళ్లని గుర్తుంచుకుని తర్వాత సరైన మిశ్రమం నింపించుకోవాలి.

పాత కూలెంట్‌ను ఏం చేయాలి?

ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకేస్తాయి. కొద్ది మోతాదు కూడా మూత్రపిండాలను దెబ్బతీసి చంపగలదు. 2022లో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత దగ్గు సిరప్‌లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన కలుషితాల్లో డైఇథిలీన్ గ్లైకాల్‌తో పాటు ఇదీ ఉంది.

కాబట్టి తీసిన కూలెంట్‌ను కాలువలో, మొక్కల మొదట్లో పారబోయకూడదు. కూల్‌డ్రింక్ సీసాలో అసలే నింపకూడదు. మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పోసి, పేరు రాసి, పిల్లలకు అందకుండా ఉంచి, సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయాలి. ఎవరైనా తాగినట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ట్యాంకు మీద మార్కర్‌తో ఒక గీత, పక్కన తేదీ. కూలింగ్ వ్యవస్థ నిర్వహణ అక్కడ మొదలవుతుంది. నెల తర్వాత మట్టం ఆ గీత దగ్గరే ఉంటే ఇబ్బంది లేదు. కిందికి దిగితే, నీళ్ల సీసా అందుకునే ముందు అది ఎక్కడికి పోతోందో వెతకాలి.